మా అమ్మాయిని బుక్ క్లబ్ మాన్పించడం ఎలా?

మాది విజయనగరం. మా అమ్మాయికి 27 ఏళ్ళు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పీజీలో ఉంటోంది. సంబంధాలు చూస్తున్నాం. ఆదివారం ఏం చేశావంటే పడుకున్నానని చెప్పేది. తీరా చూస్తే కొన్ని నెలలుగా ఏదో బుక్ క్లబ్ అని పార్కులకీ కాఫీ షాపులకీ వెళ్తోందట. శ్రీకాకుళంలో ఉండే మా ఆడపడుచు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో చూసి, "ఏటమ్మా, మీ గుంట పార్కులో మగపిల్లల పక్కన కూకుందట?" అని ఫోన్ చేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫొటో నేనూ చూశాను. చెట్టు కింద దుప్పట్లు పరుచుకుని పదిహేను మంది దాకా ఉన్నారు. మా అమ్మాయి ఒళ్ళో ఉన్నది నేను పెళ్ళికి ముందు వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీకు చెబితే అత్తకి చెప్పినట్టేగా" అంది. రెండేళ్ళ కిందట వదిన తన కొడుక్కి మా పిల్లని అడిగితే, మేనరికం వద్దని కాదన్నాం. అప్పట్నుంచి ఆవిడకి కోపం రాకుండా చూసుకుంటున్నాను. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి ఆవిడా వస్తారు, అమ్మాయీ వస్తుంది. మా వారు అక్కకి ఎదురు చెప్పరు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. పండగలోపు ఈ క్లబ్ మాన్పించే మార్గం చెప్పండి.
– ఒక తల్లి

మాన్పించే మార్గం నేను చెప్పను. మాన్పించాల్సినంత పని అక్కడ ఏమీ జరగడం లేదు.

ఇలాంటి క్లబ్బులు పెద్ద ఊళ్ళలో ఇప్పుడు చాలా ఉన్నాయి. కొన్నిట్లో నెలకో పుస్తకం అనుకుని, అందరూ అదే చదివి వచ్చి మాట్లాడుకుంటారు. కొన్నిట్లో ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకుని గంటో రెండు గంటలో మౌనంగా చదువుకుని, తర్వాత టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. బెంగళూరు కబ్బన్ పార్కులో శనివారాలు ఇలా చదువుకునేవాళ్ళని చూసి, 2023 నుంచి వేరే నగరాల్లోనూ మొదలుపెట్టారు. చాలావాటికి ఫీజు ఉండదు, ఎవరి కాఫీ డబ్బులు వాళ్ళవి. పట్టపగలు, నలుగురూ తిరిగే చోటు. వారమంతా ఆఫీసు, పీజీ తప్ప మరో ముఖం చూడని పిల్ల ఆదివారం పూట మనుషుల మధ్య కూర్చోవాలనుకుంది. పబ్బుకి వెళ్ళలేదు, పుస్తకం పట్టుకుని పార్కుకి వెళ్ళింది. పక్కన మగపిల్లలు ఆఫీసులోనూ కూర్చుంటారు. ఆ ఉద్యోగం గురించి సంబంధాల వాళ్ళకి గర్వంగానే చెబుతున్నారు కదా.

పదిమంది చేరి సాహిత్యం మాట్లాడుకోవడం మీ ఊరికి కొత్త కూడా కాదు. గురజాడ ఇల్లు మీ ఊళ్ళోనే ఉంది. చాసో, రోణంకి అప్పలస్వామి, శ్రీరంగం నారాయణబాబు లాంటి రచయితలు కలుసుకుని కథలూ కవిత్వం చర్చించుకున్నది మీ వీధుల్లోనే. మీ వదినగారి ఊళ్ళో కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథల కోసమే 1997లో కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు. అప్పుడు కూర్చున్నవాళ్ళలో ఆడపిల్లలు దాదాపు లేరు, ఇప్పుడు ఉన్నారు. నాకైతే అది సంతోషించాల్సిన విషయం.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరమంతటికీ ఆయువుపట్టు మీ అమ్మాయి అన్న ఆ ఒక్క మాట: "నీకు చెబితే అత్తకి చెప్పినట్టేగా." ఆ మాట మిమ్మల్ని పొడిచింది, నిజం కాబట్టే పొడిచింది. పిల్ల జీతం ఎంతో, ఏ సంబంధం ఎందుకు తప్పిందో, పీజీలో ఏం తింటోందో అన్నీ శ్రీకాకుళం చేరుతున్నాయి. చేరవేస్తున్నది మీరే. ఆవిడ అడుగుతారు, మీరు చెబుతారు. ఆవిడ ముఖం చిట్లిస్తారు, మీరు పిల్ల మీద పడతారు. ఇది చూసీ చూసీ పిల్ల నోరు మూసుకుంది.

మేనరికం కాదన్నందుకు మీరు ఆవిడకి ఏదో బాకీ పడ్డట్టు నడుచుకుంటున్నారు. ఏ బాకీ లేదమ్మా. దగ్గర రక్తసంబంధంలో పెళ్ళి చేస్తే పుట్టబోయే పిల్లలకి వంశపారంపర్య జబ్బుల భయం ఎక్కువని ఏ డాక్టరైనా చెబుతాడు. మీరు కాదన్నది సరైన నిర్ణయం, భార్యాభర్తలిద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం. సంబంధం ఇవ్వలేదు కాబట్టి పిల్ల కబుర్లన్నీ ఇచ్చి ఆవిడని చల్లబరచాలని చూస్తున్నారు. రెండేళ్ళుగా ఇస్తూనే ఉన్నారు, ఆవిడ చల్లబడ్డారా?

ఆడపడుచుకి చేయాల్సిన మర్యాద చేయండి, అందులో ఒక్కటీ తగ్గించవద్దు. ఆవిడ ఆ ఇంటి ఆడపిల్ల. పండక్కి చీర పెట్టండి, ఇష్టమైన కూర వండండి, సిరిమాను చూడటానికి మంచి చోట కూర్చోబెట్టండి. ఇవి ఆవిడ హక్కు. మీ కూతురి ఆదివారాల లెక్క మాత్రం ఆవిడ హక్కు కాదు. తనకన్నా పెద్దవాళ్ళని గౌరవించడానికీ, వాళ్ళకి సంజాయిషీ ఇచ్చుకుంటూ బతకడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా మరిచిపోయిన కోడళ్ళ ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, చదివినప్పుడల్లా బాధేస్తుంది.

మీ అమ్మాయిదీ తప్పుంది. కారణం ఏదైనా, పడుకున్నానని తల్లికి అబద్ధం చెప్పకూడదు. మీరు ఆ మాట తనతో అనండి. కానీ ముందు మీ వంతు మీరు ఒప్పుకుని, ఆ తర్వాత అనండి. "ఇకమీదట నువ్వు చెప్పినవి అత్తకి చెప్పను" అని మాటివ్వండి. మొదట్లో నమ్మదు. రెండు మూడు కబుర్లు మీ దగ్గరే ఆగిపోయాక నమ్ముతుంది. ఎక్కడ కలుస్తారు, ఎవరు నడుపుతున్నారు, ఎలా వెళ్ళి వస్తావు, ముక్కూమొహం తెలియనివాళ్ళకి పీజీ అడ్రసు ఇవ్వడం లేదు కదా అని అడగండి. తల్లి అడగాల్సిన ప్రశ్నలే అవి. వాటితో పాటు ఆ క్లబ్బులో మీ సీరియల్ గురించి ఏం చెప్పిందో కూడా అడగండి. ఇంట్లో ఇన్ని పుస్తకాలుండగా ఆ పిల్ల మీ బైండునే అంత దూరం తీసుకెళ్ళింది. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసేసి, మళ్ళీ వదినగారి కోపంలోకి వెళ్ళిపోయారు మీరు.

వదినగారితో మాట్లాడే పని మీ వారి మీద పెట్టకండి. ఇన్నేళ్ళూ ఎదురు చెప్పని తమ్ముడు ఇప్పుడు చెబితే, అది మీరు నూరిపోసిందే అంటారు. మీరే ఫోన్ చేయండి, అదీ పండక్కి ముందే. దసరా వెళ్ళిన మంగళవారం ఇల్లంతా చుట్టాలున్నప్పుడు వంటింట్లో ఈ మాట రాకూడదు. "అమ్మాయి క్లబ్ సంగతి నాకు తెలుసు వదినా, నాకు ఇష్టమే" అని చెప్పండి. అంతకు మించి ఒక్క ముక్క వివరించకండి, వెంటనే ఆవిడ ఆరోగ్యం అడగండి. ఆవిడ రెట్టిస్తే అదే మాట మళ్ళీ అనండి. అలిగి ఈ ఏడు సిరిమానుకి రానన్నారనుకోండి, మీ వారిని శ్రీకాకుళం పంపి వెంటబెట్టుకు రమ్మనండి. అక్కని పిలుచుకురావడం తమ్ముడు చేయాల్సిన పనే. ఫోన్‌లో అన్న మాట మాత్రం మీరు వెనక్కి తీసుకోవద్దు.