డిస్కౌంట్‌లో కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు, డిగ్రీ మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా బాబు ఇక్కడే బీకాం సెకండియర్ చదువుతున్నాడు. హైదరాబాద్ షాపుల్లో క్లియరెన్స్ సేల్ పెట్టినప్పుడల్లా వెళ్లి షూలు, టీషర్టులు, ఇయర్‌ఫోన్లు తెచ్చి ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. ఈ మధ్య పాత ఫోన్లు కూడా కొంటున్నాడు. ఆరు నెలల్లో 35 వేలు సంపాదించానంటాడు. మంచం కింద అంతా డబ్బాలే. ఇప్పుడు డిగ్రీ వేస్ట్, చిట్టీ ఎత్తి 60 వేలు ఇవ్వు, ఫుల్ టైం ఇదే చేస్తానంటున్నాడు. ఇవ్వనా, వద్దా? చదువు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బాబు చేస్తున్నది తప్పు పనేమీ కాదు. తక్కువకు దొరికిన చోట కొని, కావలసిన వాళ్లకు అమ్మడమే వ్యాపారం. బాదేపల్లి మార్కెట్‌లో పల్లీలు కొనే సేట్లు చేసేదీ అదే. డిగ్రీ చదువుతూ సొంతంగా బస్సెక్కి వెళ్లి, సరుకు చూసి, ధర మాట్లాడి తెచ్చుకునే పిల్లవాడికి చొరవ ఉంది. ఆ చొరవను తిట్టి అణిచేయకండి. అయితే 60 వేలు మాత్రం ఇప్పుడు ఇవ్వొద్దు. ఎందుకో చెబుతాను. దీన్ని మీ బాబు కూడా చదవాలి.

ఆ 35 వేలు ఖర్చులన్నీ పోగా మిగిలిన లాభమా, అమ్మిన ధరలో నుంచి కొన్న ధర ఒక్కటే తీసేస్తే వచ్చిన అంకెనా? నా దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తుంటారు. చాలామంది చెప్పేది రెండోదే. ఒక లెక్క వేసి చూద్దాం. పది జతల షూలు ఒక్కోటి 700కు కొన్నాడనుకోండి, పెట్టుబడి 7,000. అమ్మకం ధర 1,050. జతకు 350, పదికి 3,500 లాభం అని మనసులో లెక్క. ఇప్పుడు జరిగేది చూడండి. ఎనిమిది ఆర్డర్లు వచ్చాయి, అందులో ఒకటి సైజు సరిపోలేదని తిరిగొచ్చింది. నిలిచిన అమ్మకాలు ఏడు, అంటే 7,350. కమీషన్, డెలివరీ కలిపి సైట్ జతకు 180 పట్టుకుందనుకుంటే 1,260 పోయింది. ప్యాకింగ్ కవర్లకు, టేపుకు ఎనిమిదింటికి 160. తిరిగొచ్చిన జతకు రానుపోను డెలివరీ ఖర్చు 150. హైదరాబాద్ వెళ్లిరావడానికి, మధ్యలో ఆటోకు, తిండికి 400. చేతిలో మిగిలింది 5,380. మిగిలిన మూడు జతలు కాలేజీలో దోస్తులకు 500 చొప్పున వదిలించుకున్నా 6,880. పెట్టిన 7,000 కూడా రాలేదు, 120 నష్టం. అతని టైముకు కూలి ఇంకా కట్టనేలేదు.

ఈ అంకెలు ఉదాహరణకే. మీ బాబువి ఇంతకంటే బాగుండొచ్చు. అందుకే ఒక నోటుబుక్ పెట్టి, ఆరు నెలల సరుకంతా ఇలాగే రాయమనండి. ఒక్కో వస్తువుకు కొన్న తేదీ, కొన్న ధర, అన్ని ఖర్చులు, బ్యాంకులో నిజంగా పడిన డబ్బు, ఎన్నాళ్లకు అమ్ముడైంది. మంచం కింద డబ్బాలు కూడా తీసి, ఇవాళ ఎంతకు పోతాయో ఆ ధరే రాయాలి, కొన్న ధర కాదు. బీకాం పిల్లవాడికి ఇది క్లాసులో చెప్పే అకౌంట్సే. సొంత డబ్బు మీద రాస్తే బాగా ఒంటబడుతుంది.

క్లియరెన్స్ సరుకు గురించి ఒకటి తెలుసుకోవాలి. షాపువాడు దాన్ని చవగ్గా ఇస్తున్నాడంటే, సీజన్ అంతా నిలబెట్టినా ఎవరూ కొనలేదని అర్థం. షూలలో ఎనిమిది, తొమ్మిది నంబర్లు ముందే పోతాయి. సేల్‌లో మిగిలేవి ఆరు, పదకొండు. టీషర్టుల్లో ఎం, ఎల్ సైజులు అయిపోయి, మరీ చిన్నవీ మరీ పెద్దవీ ఉంటాయి, లేదా ఎవరూ వేసుకోని రంగులు. షాపులో గిరాకీ లేనిది మీ ఇంటికి వచ్చినంత మాత్రాన గిరాకీ తెచ్చుకోదు. సగం ధర బోర్డు చూసి కాకుండా, ఇదే వస్తువు ఈ వారం ఆన్‌లైన్‌లో నిజంగా ఎంతకు అమ్ముడుపోతోందో ఫోన్‌లో చూసి అప్పుడు జేబులో చెయ్యి పెట్టాలి. ఈ వ్యాపారంలో లాభం కొనేటప్పుడే తేలిపోతుంది.

కాబట్టి నా సలహా ఒకటే: దొరికిందల్లా కొనడం మాని ఒక్క సరుకు పట్టుకోవాలి. దాని నాణ్యత, ధర, సీజన్, ఎవరు కొంటారు అన్నది ఊళ్లో అందరికంటే తనకే ఎక్కువ తెలియాలి. ఎక్కడో డిస్కౌంట్ పెడితేనే నడిచేది వేరేవాళ్ల చేతిలో ఉన్న వ్యాపారం. సరుకు తెలిసినవాడికి డిస్కౌంట్ లేని రోజు కూడా బేరం దొరుకుతుంది.

మహబూబ్‌నగర్‌లో ఉండి మొదలుపెట్టడానికి నాకు పాత పుస్తకాలు నచ్చుతాయి. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, టీచర్ పోస్టులకు ప్రిపేరయ్యేవాళ్లు ఈ ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. పరీక్ష అయిపోగానే గది ఖాళీ చేసేవాళ్లు పుస్తకాలను తూకానికి వేసేస్తారు. కొత్తగా చేరినవాళ్లకు అవే కావాలి. పెట్టుబడి తక్కువ, సైజుల గొడవ లేదు, అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ కూడా లేదు. జాగ్రత్త పడాల్సింది ఎడిషన్ దగ్గర. సిలబస్ మారిన పుస్తకం పాత కాగితం కిందే లెక్క. అమ్మేటప్పుడు అట్ట ఒక్కటే ఫొటో తీస్తే చాలదు. లోపల ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ, పెన్సిల్ గీతలు ఎక్కువున్న పేజీ కూడా చూపించాలి. అలా చూపిస్తే వాపసులు తగ్గుతాయి. పుస్తకాలు బరువు కాబట్టి దూరం పంపితే కొరియర్ ఖర్చే లాభాన్ని తినేస్తుంది. ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టి, ఊళ్లోనే చేతికిచ్చి డబ్బు తీసుకోవడం మేలు. జిరాక్స్ తీసి బైండింగ్ చేసిన పుస్తకాలు మాత్రం ముట్టుకోవద్దు, అది కాపీరైట్ నేరం.

రెండోది బట్టలు. మీరు మిషన్ కుడతారు కాబట్టి గుడ్డ సంగతి మీకు తెలుసు, అది మీ ఇంటి బలం. ఆషాఢంలో షాపులన్నీ తగ్గింపులు పెడతాయి. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా. కొనే నెలకూ అమ్మే నెలకూ మధ్య దూరం తక్కువ, డబ్బు ఎక్కువకాలం ఇరుక్కోదు. నారాయణపేట చీరలు దగ్గర్లోనే నేస్తారు, వాటికి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే ఆ పేరు వాడాలి. ఆ పేరు పెట్టి పవర్‌లూమ్ చీరలు అమ్మేవాళ్లూ ఉన్నారు. చేనేత చీరకు సాధారణంగా అంచు పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, నేత కూడా అచ్చుగుద్దినంత సమంగా ఉండదు. మీరిద్దరూ ఒకసారి నారాయణపేట వెళ్లి, మగ్గం మీద నేస్తుండగా చూసి, నేసేవాళ్లనే అడిగి తెలుసుకోండి. చవగ్గా దొరికిందని పవర్‌లూమ్ చీరను చేనేత అని చెప్పి అమ్మితే అది మోసం. ఒక్క కస్టమర్ కనిపెట్టినా పేరు పోతుంది.

పాత ఫోన్ల వ్యాపారం మాత్రం వెంటనే ఆపించండి. అది కుదరకపోతే, వివరాలు చూడకుండా, బిల్లు లేకుండా కొనడమైనా ఆపాలి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తున్నాడంటేనే అనుమానించాలి. ఏ ఫోనైనా కొనేముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఫోన్ గుర్తింపు నంబర్) తీసుకుని, ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూడాలి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబర్ వేసి 14422కు మెసేజ్ పంపినా వివరాలు వస్తాయి. బ్లాక్ అయిన ఫోన్ అని వస్తే ఎంత చవకైనా వదిలేయాలి. డూప్లికేట్ బ్రాండ్ షూల సంగతీ అంతే. ‘ఫస్ట్ కాపీ’ అని చెప్పి అమ్మినా ట్రేడ్ మార్క్ చట్టం కింద జైలుశిక్ష ఉన్న నేరమే.

ప్యాక్ మీద ఉన్న ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. సైట్‌లో సేల్ పెట్టినప్పుడు నాలుగు అకౌంట్లతో కొని మళ్లీ అమ్మాలనుకుంటే, చాలా సైట్ల షరతులు సొంత వాడకానికే కొనమంటాయి, అకౌంట్ బ్లాక్ చేస్తాయి.

ఏడాదికి అమ్మకాలు 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలని యూట్యూబ్‌లో చెబుతుంటారు. మన తెలంగాణలో సరుకుల అమ్మకానికి ఆ లిమిట్ 20 లక్షలే. 2023 అక్టోబర్ 1 నుంచి, ఆ లోపు అమ్మకాలున్నవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని సైట్ల ద్వారా రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు. కర్నూలుకో రాయచూరుకో సైట్ ద్వారా పంపాలంటే రిజిస్ట్రేషన్ కావాల్సిందే. లాభం మీద ఆదాయపు పన్ను లెక్క వేరే ఉంటుంది, ఆ నోటుబుక్ దానికీ పనికొస్తుంది.

డబ్బు వసూలు దగ్గర ఒక హెచ్చరిక. మిలిటరీలో పనిచేస్తున్నానని చెప్పి, బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, ‘క్యూఆర్ కోడ్ పంపిస్తా, స్కాన్ చేసి పిన్ కొట్టు, నీకు డబ్బు పడుతుంది’ అంటే ఫోన్ పెట్టేయాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఇక చిట్టీ. చిట్టీ ఎత్తితే నెలనెలా మిగతా వాయిదాలు కట్టాల్సింది మీరు, సరుకు అమ్ముడైనా కాకపోయినా. ఆ బరువు మీ కుట్టు డబ్బు మీద పడకూడదు. నోటుబుక్ లెక్కలో నిజంగా 35 వేలు మిగిలి ఉంటే, వాటితోనే నడపగలడు, అప్పు అక్కర్లేదు. మిగిలి లేకపోతే, 60 వేలు ఇచ్చినా అవీ డబ్బాలుగానే మారతాయి. ఒక దసరా, ఒక పరీక్షల సీజన్ లాభంతో దాటిస్తే అప్పుడు పెద్ద పెట్టుబడి మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితంగా చేయించుకుని, బ్యాంకులో చిన్న వ్యాపారులకిచ్చే ముద్ర శిశు లోన్ అడగొచ్చు. అందులో 50 వేల వరకు ఇస్తారు.

డిగ్రీ మానొద్దు. ఉన్నది ఇంకా ఏడాదిన్నర. సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు కొత్త సరుకు కొనకూడదని ఇద్దరూ ఒక మాట అనుకోండి, ఉన్నది అమ్ముకోవచ్చు. ఈ పని మీద ఆసక్తి ఇలాగే ఉంటే బీకాం తర్వాత ఐసెట్ రాసి ఎంబీఏలో మార్కెటింగో సప్లై చైనో తీసుకోవచ్చు. ఆన్‌లైన్ కంపెనీల్లో ఏ సరుకు ఎంతకు కొనాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఏ ధరకు పెట్టాలి అని చూసే ఉద్యోగాలున్నాయి. ఇంటర్వ్యూలో సొంతంగా రాసిన కొనుగోలు, వాపసు లెక్కలు చూపించే కుర్రాడి మాటకు విలువ ఉంటుంది. మీకు దగ్గర్లో, కొత్తూరు, శంషాబాద్ వైపు ఈ-కామర్స్ కంపెనీల గోదాములున్నాయి. పండుగ సీజన్లలో తాత్కాలికంగా మనుషుల్ని తీసుకుంటారు. దసరా సెలవుల్లో కొన్నాళ్లు చేస్తే తిరిగొచ్చిన సరుకును ఎలా చెక్ చేస్తారో, పార్శిల్ ఎక్కడ దెబ్బతింటుందో లోపలి నుంచి తెలుస్తుంది. షిఫ్ట్ టైమింగ్, రాత్రి తిరిగి రావడానికి బస్సు ఉందా లేదా ముందే కనుక్కుని పంపండి. ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే కట్టొద్దు.