925 అని ఉంటే చాలా?

పాఠకుల ప్రశ్నలు: వెండి నగలు

ప్రశ్న: కురుపాం మార్కెట్‌లో మా అమ్మాయికి వెండి గొలుసు కొన్నాం. కొక్కెం దగ్గర సన్నగా 925 అని ఉంది, బిల్లులో ‘సిల్వర్ చైన్’ అని మాత్రమే రాశారు. అసలుదో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా?
– పాఠకురాలు, గాజువాక

జవాబు: 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 సాధారణంగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన, అందుకే ఈ కలుపు. స్టెర్లింగ్ అనేది దీన్నే. కానీ ఆ అంకె కొట్టడానికి చిన్న పంచ్ చాలు, ఇత్తడి మీదైనా పడుతుంది. హాల్‌మార్క్ అంటే మూడూ ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘సిల్వర్’ అన్న మాటతో స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు కోడ్. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ వచ్చింది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి, వచ్చిన వివరాలు మీ చేతిలోని నగతో సరిపోతున్నాయో చూడండి. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కనుక, లేనంత మాత్రాన నకిలీ అనేయలేం.

అయస్కాంతం గొలుసుకు అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు. (జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే.) కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉంటుంది, అక్కడ పట్టిందని కంగారు పడకండి. ఐసు ముక్క కరిగించి చూడటం వృథా ప్రయాస. రాగి మీదా అలాగే కరుగుతుంది.

నమ్మదగింది నీటి తూకం. 0.01 గ్రాము చూపే చిన్న కాటా కావాలి. ముందు గొలుసు తూచండి, 31.08 గ్రాములు వచ్చిందనుకుందాం. నీళ్ల గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేయండి. గొలుసును సన్నటి దారంతో కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. స్టెర్లింగ్ అయితే కాటా 3.00 దగ్గర చూపుతుంది. మొదటి బరువును ఈ అంకెతో భాగిస్తే వచ్చేది సాంద్రత, ఇక్కడ 10.36. జర్మన్ సిల్వర్ అయితే 3.6 దాకా పోతుంది. గొలుసు లంకెల మధ్య గాలి బుడగలుంటే లెక్క తప్పుతుంది, నీళ్లలోనే కాస్త ఆడించండి. రాళ్లు పొదిగినవి, బోలు గాజులు, మువ్వల పట్టీలు ఇందుకు పనికిరావు. 925కీ 800కీ తేడా కూడా ఇందులో గట్టిగా తేలదు. దానికి హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్షే (ఎక్స్-కిరణాలతో లోహాల పాళ్లు చూసేది) దారి. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది కాబట్టి కనిపించని చోట కాస్త గీకి చూడమని అడగండి. పరీక్షకని నైట్రిక్ ఆసిడ్ జోలికి ఇంట్లో పోవద్దు.

ప్రశ్న: బీచ్‌కు దగ్గరలో ఉంటాం. మూడు నెలలకే వెండి గాజులు నల్లబడ్డాయి. మోసపోయామా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: నలుపు చూసి నకిలీ అనుకోకండి. గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసి నల్లటి పొర కడుతుంది, తేమ ఎక్కువైన కొద్దీ త్వరగా కడుతుంది. అనుమానించాల్సింది రాపిడి తగిలే అంచుల్లో పసుపో ఎరుపో బయటపడితే. అది పూత అరిగి లోపలి లోహం కనిపించడం.

గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, లీటరు వేడినీళ్లకు ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, గాజులు ఫాయిల్‌కు తగిలేలా ఐదు నిమిషాలు ఉంచండి. కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ముత్యాలు, రాళ్లు ఉన్నవి, కావాలని నల్లబరిచిన ఆక్సిడైజ్డ్ నగలు అందులో వేయకండి. టూత్‌పేస్టుతో తోమితే గీతలు పడతాయి. జిప్ కవర్లో దాచండి, రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకండి, అందులోనూ గంధకం ఉంటుంది.

ప్రశ్న: పాత పట్టీలు మార్చబోతే బరువులో బాగా కోత పెట్టారు. ఇది న్యాయమేనా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: పట్టీలన్నీ 925లో చేయరు. పైగా ప్రతి మువ్వకూ టంకం ఉంటుంది, టంకంలో వెండి పాలు తక్కువ. కరిగించి స్వచ్ఛత పరీక్షిస్తే అసలు లెక్క తెలుస్తుంది, మీ ఎదుటే కరిగించమని అడగండి. కొత్తవి కొనేటప్పుడు బరువు, స్వచ్ఛత అంకె, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేర్వేరుగా రాసిన బిల్లు తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత కోస్తారో కూడా ఆ బిల్లు మీదే రాయించుకోండి.