కీలకమా, విషమమా?

సందేహం: ‘పేషెంట్ కండిషన్ క్రిటికల్’ అన్న వాక్యాన్ని మా అబ్బాయి ‘రోగి పరిస్థితి కీలకంగా ఉంది’ అని తెలుగు చేశాడు. వినగానే ఎబ్బెట్టుగా అనిపించింది గానీ, ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. కీలకం, క్లిష్టం, విషమం, సంకటం... వీటి మధ్య తేడా ఏమిటి? ఇలాంటి సమయాలకు, టెన్షన్‌కు మనకంటూ మాటలు లేవా?

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టింది. ‘క్రిటికల్’ అన్న ఇంగ్లిష్ మాటకు ఇక్కడ పనికొచ్చే అర్థాలు రెండున్నాయి. ఫలితాన్ని తేల్చేది ఒకటి, ప్రమాదకరమైనది మరొకటి. మనకు వాటికి వేర్వేరు మాటలున్నాయి. మీ అబ్బాయి మొదటిదాన్ని తెచ్చి రెండోదాని చోట పెట్టాడు.

సంస్కృతంలో కీలకం అంటే మేకు, సీల. సీల చిన్నదే, కానీ అది ఊడితే చక్రం నిలవదు. దేనిమీద మిగతాదంతా ఆధారపడి ఉందో అది కీలకం. అందులో మంచీ చెడూ లేవు. కీలక సాక్ష్యం, కీలకమైన ఓవర్ అంటాం. క్లిష్టం అలా కాదు, అది క్లేశానికి తోబుట్టువు. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న ఎంతో క్లిష్టంగా ఉండొచ్చు, అయినా అది కీలకం కాకపోవచ్చు.

విషమం దగ్గర కాస్త ఆగాలి. చాలామంది దీన్ని విషంతో ముడిపెడతారు. కాదు. వి, సమ కలిసి విషమ అయింది. సు, సమ కలిసి సుషమ అయినప్పుడు కూడా స ఇలాగే ష అయింది. సమంగా లేనిది విషమం. బడిలో చదువుకున్న విషమబాహు త్రిభుజం గుర్తు తెచ్చుకోండి. మూడు భుజాలూ మూడు కొలతలు, విషం మాటే లేదు. ఒంట్లో ఉండాల్సిన సమత తప్పింది కాబట్టి రోగి పరిస్థితి విషమం. అది ఇంకా దిగజారితే విషమించింది అంటాం. ఇంత పొందికైన క్రియ చేతిలో ఉండగా ‘క్రిటికల్‌గా మారింది’ అని రాయడం నాకు బాధగా ఉంటుంది.

సంకటానికి మొదటి అర్థం ఇరుకు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఎలుక ఎక్కడుందో చూడండి. తప్పుకోవడానికి దారి లేని మూల అది. ముందు నుయ్యి వెనుక గొయ్యి, అడకత్తెరలో పోకచెక్క కూడా ఆ ఇరుకునే చూపిస్తాయి.

ఇక టెన్షన్. ‘టెన్షన్ పడుతున్నాను’ అని మాట్లాడితే నాకు అభ్యంతరం లేదు, అది అందరి నోటా నలిగిన మాట. రాసేటప్పుడు మాత్రం ఏ టెన్షనో తేల్చుకోవాలి. చివరి బంతి వేస్తున్నవాడిది ఒత్తిడి, చూస్తున్నవాడిది ఉత్కంఠ. ఉత్కంఠ అంటే మెడ పైకెత్తడం. ఒకప్పుడు ఇది ప్రియుడి కోసం ఎదురుచూసే తహతహ. కావ్యశాస్త్రం చెప్పే ఎనిమిది రకాల నాయికల్లో విరహోత్కంఠిత ఒకతె. ఇప్పుడు ఆ మెడ స్కోరుబోర్డు వైపు తిరిగింది. ఆందోళన ఈ రెంటికీ వేరు. ఆ మాటకు మూలార్థం ఊగడం, మనసు ఊయలలా అటూ ఇటూ కొట్టుకోవడం.

మనకంటూ మాటలు లేవా అన్నారు. నిండుగా ఉన్నాయి, వాటిలో చాలావరకు నీళ్లలోంచి వచ్చాయి. చావో రేవోలో రేవు ఏటి ఒడ్డున దిగే చోటే. మునిగితే చావు, చేరితే రేవు. ఆపద ముంచుకొస్తుంది. నమ్మినవాడు నట్టేట ముంచుతాడు. బయటపడితే గట్టెక్కాం, ఒడ్డున పడ్డాం అంటాం. ఏరు దాటడమే ప్రాణగండంగా ఉన్న రోజులు ఈ మాటల్లో ఇంకా తడిగా ఉన్నాయి. అందుకే ‘క్లిష్ట పరిస్థితిని విజయవంతంగా అధిగమించారు’ అని రాసేవారికి ‘గట్టెక్కారు’ అని దిద్దుతుంటాను.

తాడో పేడో మాత్రం చావో రేవోకు బదులు వాడకండి. ఎదుటివాడితో తేల్చుకునేది తాడో పేడో. అవతలివాడు లేకపోయినా చావో రేవో ఉంటుంది.

మీ అబ్బాయి వాక్యాన్ని ‘రోగి పరిస్థితి విషమంగా ఉంది’ అని దిద్దండి. దాని పక్కనే ‘వచ్చే 24 గంటలు కీలకం’ అని రాస్తే, ఆ కీలకం మాత్రం ఉండాల్సిన చోటే ఉన్నట్టు.