పోర్చుగల్‌లో వైన్ చదువు: ఒక తండ్రి సందేహానికి సమాధానం

తాడేపల్లిగూడెం నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి వెంకట్రామన్నగూడెంలో బీఎస్సీ హార్టికల్చర్ పూర్తి చేసింది. ద్రాక్ష సాగు, వైన్ తయారీలో మాస్టర్స్ చేయడానికి పోర్చుగల్ వెళ్తానంటోంది. పోర్చుగల్ అంటే తియ్యటి పోర్ట్ వైనే కదా, దాని అమ్మకాలు తగ్గిపోతున్నాయని చదివాను. అప్పు చేసి పంపితే ఉద్యోగం దొరుకుతుందా? బంధువులకు ఏమని చెప్పాలి?"

అయ్యా, మీరు చదివింది నిజమే, పోర్ట్ అమ్మకాలు చాలా ఏళ్లుగా తగ్గుతున్నాయి. అయితే పోర్ట్ పుట్టిన డోరో లోయలోనే, అవే ద్రాక్షలతో, తీపి లేని ఎర్ర వైన్లు చేయడం గత ముప్పై నలభై ఏళ్లలో బాగా పెరిగింది. మీ అమ్మాయి భవిష్యత్తు ఎక్కువగా ఈ రెండో దారి మీద ఆధారపడుతుంది కాబట్టి ముందు ఆ తేడా చెబుతాను.

పోర్ట్ తయారీలో ద్రాక్షరసం రెండు మూడు రోజులు పులిసిన తర్వాత, అందులో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా కలిపి ఈస్ట్ పనిని ఆపేస్తారు, దాంతో చక్కెర కొంత మిగిలిపోయి వైన్ తియ్యగా, ఘాటుగా ఉంటుంది. తీపి లేని వైన్‌లో, అంటే డ్రై వైన్‌లో, ఈ అడ్డుకట్ట ఉండదు. చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారేదాకా రసం పులియాలి. సెప్టెంబరులో కూడా మాడ్చేసే డోరో ఎండల్లో పులిసే తొట్టి వేడెక్కితే ఈస్ట్ మధ్యలోనే చచ్చిపోయి సరుకు చెడిపోయేది. అందువల్లే ఫెరైరా అనే పోర్ట్ కంపెనీలో పనిచేసిన ఫెర్నాండో నికొలౌ ద అల్మైడా 1952లో బార్కా వెల్యా అనే డ్రై వైన్ మొదటిసారి చేసినప్పుడు, రేవు పట్టణం మటొజిన్యోస్ నుంచి లోయ తూర్పు కొసలోని మెయావ్ తోటదాకా లారీల్లో మంచు దిమ్మలు తెప్పించి తొట్లను చల్లబరిచారు. ఎగుడుదిగుడు కొండదారిలో కరిగిపోతున్న మంచుతో వెళ్లిన ఆ లారీలను తలచుకున్నప్పుడల్లా ఆ మనిషి పట్టుదలకు మనసు నిండిపోతుంది.

ఆ తర్వాత చాలాకాలం ఆయన బాటలో నడిచినవారు కొద్దిమందే. 1986లో పోర్చుగల్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరడంతో శీతలీకరణ ఉన్న స్టీలు ట్యాంకులకు డబ్బు వచ్చింది. అదే ఏడు, పోర్టో నగరానికి ఎదురుగా ఉన్న గాయా అనే పట్టణంలోని పెద్ద కంపెనీల గోదాముల ద్వారానే పోర్ట్ ఎగుమతి కావాలన్న నిబంధన కూడా పోయి, తోటల యజమానులు సొంత పేరుతో నేరుగా అమ్ముకోగలిగారు. 2014లో వైన్ స్పెక్టేటర్ పత్రిక ప్రకటించిన ఆ ఏటి మేటి వంద వైన్లలో మొదటి స్థానం డౌ అనే కంపెనీ పోర్ట్‌కు దక్కితే, మూడు, నాలుగు స్థానాలు డోరో డ్రై వైన్లైన క్రిసేయా, కింటా దు వాల్ మెయావ్‌లకు దక్కాయి.

హార్టికల్చర్ చదివిన అమ్మాయికి ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. డోరోలో పాత తోటలు చాలావరకు పదుల రకాల తీగలు కలగలిపి నాటినవి. ఫెర్నాండో గారి కొడుకు జొవావ్ నికొలౌ ద అల్మైడా, తన మేనమామ జొజె రోజాస్‌తో కలిసి ఏ రకం ఎక్కడ ఎలా పండుతుందో విడివిడిగా పరిశీలించి, 1981 నాటికి టురీగా నసియొనాల్, టురీగా ఫ్రాంకా, టింటా రోరిజ్, టింటా బర్రోకా, టింటు కావ్ అనే ఐదింటిని సిఫారసు చేశారు. ఈ మార్పును నడిపించింది తోట శాస్త్రమే. డ్రై వైన్‌కు చక్కెర ఒక్కటే చాలదు, పులుపు నిలవాలి, తొక్కలోని వగరు కూడా పండాలి; అందుకే ఏ వాలులో, ఎంత ఎత్తులో, ఏ రోజు కోయాలన్నది తేల్చే మనిషికి విలువ పెరిగింది. మన దగ్గర వేడి నేలల్లో ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపులు చేస్తారు. ఈ వేడి ప్రాంతపు సాగు తెలిసి ఉండటం, ఏటా ఎండలు ముదురుతున్న ఆ లోయలో ఆమెకు ఉపయోగపడుతుంది.

అయినా అక్కడ బంగారం పండుతోందని నేను చెప్పను. ఏటా ఎంత రసాన్ని పోర్ట్‌గా మార్చవచ్చో అక్కడ ప్రభుత్వ వ్యవస్థే నిర్ణయిస్తుంది. 2023లో 1,04,000 పీపాలుగా ఉన్న ఆ పరిమితి 2025లో 75,000కు తగ్గింది. మిగిలిన ద్రాక్ష డ్రై వైన్‌కే పోవాలి, దానికి రైతుకు వచ్చే ధర చాలా తక్కువ, కాబట్టి చిన్న తోటలు కష్టాల్లో ఉన్నాయి. జీతాలూ జర్మనీ స్థాయిలో ఉండవు. 2025లో కనీస వేతనం నెలకు 870 యూరోలు. అప్పు ఎంత చేయాలన్నది ఈ అంకెను ముందు పెట్టుకుని లెక్కవేయండి.

చదువు విషయంలో వినిఫెరా యూరోమాస్టర్ అనే రెండేళ్ల కోర్సును మొదట చూడమంటాను. ఇది ఇంగ్లిష్‌లో ఉంటుంది, మొదటి ఏడాది ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో చదివి, రెండో ఏడాదికి లిస్బన్‌ను ఎంచుకోవచ్చు. పైగా ఉద్యోగ వేటకు ఒక్క దేశమే దిక్కు కాకుండా ఉంటుంది. డోరోకు దగ్గరగా విలా రియాల్‌లోని విశ్వవిద్యాలయం కూడా మంచిదే కాని, అక్కడ చేరేముందు బోధన ఏ భాషలోనో రాతపూర్వకంగా తెలుసుకోండి. కోర్సు ఏదైనా పోర్చుగీసు మాత్రం నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే తోటలో కోత కూలీలతో మాట్లాడలేనివారికి సాగు బాధ్యత ఎవరూ అప్పగించరు.

బంధువుల మాట గురించి: ఆమె చదవబోయేది నేల, తీగ, ఈస్ట్, రసాయన శాస్త్రం. వైన్ తయారీలో రుచి చూడటం పరీక్షలో భాగం, చూసిన వెంటనే పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. దాచాల్సిన పని ఏమీ లేదు, అడిగినవారికి ఇదే చెప్పండి.

అప్పుకు సంతకం పెట్టేముందు ఆమెను ఒక్క సీజను నాసిక్ పంపించండి. అక్కడ వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. తెల్లవారుజామున తోటలో గంపలు మోసి, రాత్రి పొద్దుపోయేదాకా ట్యాంకులు కడిగిన తర్వాత కూడా ఆమె ఇదే చదువు కావాలంటే, నిశ్చింతగా పంపవచ్చు.