చెల్లెకు ఫ్యాషన్ కాలేజీలు చూపెట్ట పోతున్నం, అక్కడ ఏం చూడాలె?

తమ్ముడూ, మీ చెల్లెది ఇంటర్ బైపీసీ అయిపోయింది, ఫ్యాషన్ డిజైనింగ్ చదువుత అంటున్నది, వచ్చే వారం హైదరాబాద్ పోయి రెండు మూడు కాలేజీలు చూసొస్తం, అక్కడ ఏం చూడాలె, ఏం అడగాలె అని రాసినవు. నేను హన్మకొండల ఇరవై రెండేండ్ల నుంచి లేడీస్ టైలర్‌ను. మూడేండ్ల కింద మా పెద్దబిడ్డను తీసుకొని గిదే పని మీద తిరిగిన. కాలేజీ చదువుల సంగతి నాకు పెద్దగ తెల్వదు గానీ మిషన్ సంగతి తెలుసు. అదే అక్కరకొచ్చింది.

మొదలు ఒక ప్రైవేట్ కాలేజీకి పోయినం. పేరు వద్దు. అద్దాల తలుపు, చల్లటి ఏసీ, ఎదురుంగ బొమ్మకు తొడిగిన పెద్ద గౌను. కౌన్సెలర్ అని ఒకామె కాఫీ ఇచ్చి ముంబై, ప్యారిస్ వీడియోలు పెట్టింది. మా బిడ్డ రెప్ప కొడితే ఒట్టు. "మేడం, కుట్టే రూము చూస్త" అన్న. "క్లాసులు నడుస్తున్నయి సార్" అన్నది. బాత్రూంకని లేచి, పోయేటప్పుడు ఆ తలుపు తీసి చూసిన. లోపల ఒక్క మనిషి లేడు. పన్నెండు జూకీ మిషన్లున్నయి, ఏడింటికి దారమే ఎక్కియ్యలే. బాబిన్ కేసుల మీద దుమ్ము. నడిచే మిషన్ కాడ నూనె వాసనుంటది, బట్ట నూగుంటది, కింద దారపు పోగులు కాళ్లకు సుట్టుకుంటయి. అక్కడ నేల అద్దమోలె మెరుస్తున్నది. కటింగ్ టేబుల్ మీద కంప్యూటర్ డబ్బాలు పేర్చి పెట్టిండ్రు.

వచ్చేటప్పుడు ఆ గౌనును కూడా తిరగేసి చూసిన. (ఎక్కడికి పోయినా లోపలి కుట్టు చూడందే నాకు పాణం ఊకోదు. పెండ్లిలల్ల కూడా గంతే, మా ఇంటామె తిడుతది.) బట్ట అంచుల పోగులు ఊడకుండ కొట్టే ఓవర్‌లాక్ కుట్టు లేదు. నడుము కాడ గుండుసూదులు గుచ్చి బొమ్మకు సరిపెట్టిండ్రు. ఎవలు కుట్టిండ్రమ్మా అంటే "డిజైన్ మా స్టూడెంట్‌ది, మాస్టర్ కుట్టిండు" అన్నది. లక్షలు కట్టి మాస్టర్‌తోని కుట్టిచ్చుకునుడైతే నా దుకాణంకే రావచ్చు గద!

మీరు పోయినప్పుడు కుట్టే రూముల ఎక్కువసేపు ఉండండి. నవ్వకు గానీ, చెత్తబుట్ట చూడు. కోరా బట్ట ముక్కలు, కత్తిరించిన బ్రౌన్ పేపర్ ఉంటే అక్కడ పని నడుస్తున్నట్టు. నేర్చుకునే పిల్ల మంచి బట్ట మీద కత్తెర పెట్టకముందు కోరా బట్ట మీద నాలుగుసార్లు కుట్టి విప్పాలె. చంక కాడ ముడత ఎందుకొచ్చింది, ఒంటికి సరిపోను కుట్టే మడత, అదే డాట్, ఎటు జరపాలె అనేది గా విప్పుట్లనే తెలుస్తది. ఆ బట్ట ఖర్చు ఎవలదని కూడా అడుగు. మేం చూసిన కాడల్ల పిల్లలదే. బట్ట, రంగులు, షీట్లు, ప్రింట్లు, ల్యాప్‌టాప్, ఇవేవీ ఫీజు కాయితం మీద కనపడవు. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తదో రాసియ్యమనండి. కొన్ని కాడ డిప్లొమానే డిగ్రీ లెక్క మాట్లాడుతరు. బయట చాయ్ బండి కాడ మూడో సంవత్సరం పిల్లలను పట్టుకుంటే, లోపల గంటల చెప్పనిది ఐదు నిమిషాలల్ల చెప్తరు.

మాదాపూర్‌ల నిఫ్ట్‌కు మాత్రం తప్పకుండ పోండి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ అన్నట్టు, కేంద్ర జౌళి శాఖ కింది సర్కారు కాలేజీ, ఢిల్లీల 1986ల మొదలైంది, హైదరాబాద్‌ల 1995 నుంచి ఉన్నది. కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్‌ల దిగితే, సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి హైటెక్ సిటీకి మెట్రో నేరుగ పోతది, మారే పని లేదు. గేటు కాడికి పోయి లోపలికి పంపియ్యమంటే పంపియ్యరు, ముందుగాల మెయిల్ పెట్టి అడగండి. మేం గట్లనే పోయినం.

అక్కడ మగ్గాల రూముంది. మా అత్తగారిది వరంగల్ కొత్తవాడ, మా మామ జంపఖానాలు నేసేటోడు. ఆ జంపఖానాలకు 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అనే సర్కారు) గుర్తింపు కూడా వచ్చింది. మా బిడ్డ మగ్గం చూసి "బాపూ, తాతది గూడ గిట్లనే ఉంటది గద" అని పడుగు మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. ఆడికెల్లి కదలదు. పొయ్యేటప్పుడు ఫ్యాషన్ డిజైన్ అన్న పిల్ల, తిరుగు రైలుల టెక్స్‌టైల్ డిజైన్ అన్నది. ఫ్యాషన్ అంటే గౌన్లే అనుకుంటం గానీ అండ్ల బట్ట, అల్లిక, నగలు, సామాన్లు, ఫోటోలు, రాతలు, శానా దారులున్నయి. మీ చెల్లెను అన్నీ చూడనియ్యి.

బైపీసీ అని భయపడకు, నిఫ్ట్‌ల బీడిజైన్ అనే నాలుగేండ్ల డిజైన్ డిగ్రీకి ఇంటర్ ఏ గ్రూపైనా నడుస్తది. బీఎఫ్‌టెక్ అనే ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీకి మాత్రం లెక్కలుండాలె. బీడిజైన్‌కు గ్యాట్ (జనరల్ ఎబిలిటీ టెస్ట్), క్యాట్ (క్రియేటివ్ ఎబిలిటీ టెస్ట్) అని రెండు పరీక్షలు, అండ్ల నిలిచినోళ్లకు సిట్యుయేషన్ టెస్ట్. ఇచ్చిన సామానుతోని అక్కడికక్కడ ఒక నమూనా చేసి చూపియ్యాలె. మా బిడ్డ మొదటిసారి దాంట్లనే పోయింది. ఏడాదంత ఇంట్ల తీగలు, థర్మోకోల్, అగ్గిపుల్లలు ముందట ఏసుకొని కూసున్నది, రెండోసారి వచ్చింది. సర్కారుది గద అని ఫీజు తక్కువుంటదనుకోకండి, నాలుగేండ్లకు లక్షలల్లనే లెక్క.

ఇంకొకటి మర్చిపోయిన. మీ చెల్లె తన చేత్తోని కుట్టిందో, గీసిందో, అల్లిందో ఏదన్న ఒకటి సంచిల ఏసుకొని రమ్మను. మా బిడ్డ తను కుట్టిన లైనింగ్ జాకెట్ తీసుకొచ్చింది. మొదటి కాలేజీల "సూపర్" అని ఇట్ల చూసి అట్ల ఇచ్చేసిండ్రు. మగ్గాల రూముల మేడం ఒకామె కండ్లద్దాలు పెట్టుకొని, ముందు భాగం చూడనేలేదు, తిరగేసి లోపలి కుట్టు చూసింది.