కొత్త నోట్‌బుక్ కొనకముందే

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి కథ ఒక్క అడుగు కదలలేదని, పాత రాతలన్నీ చించేసి ఉగాది నాడు కొత్త నోట్‌బుక్‌తో మొదలుపెడతానని రాశావు. నీ ఆరాటం నాకు అర్థమైంది. చించే పని మాత్రం పెట్టుకోకు తల్లీ. ఆ మాట చెప్పాలనే వెంటనే జవాబు రాస్తున్నాను.

మా నూజివీడు వైపు మామిడి రైతులు పూతకు ముందు రెండు మూడు నెలలు తోటకు నీళ్లు కట్టరు. అప్పుడు నీళ్లు పెడితే చెట్టు కొత్త చిగుళ్లు వేస్తుంది. కళ్లకు పచ్చగా బాగుంటుంది కానీ పూత తగ్గిపోతుంది. పూత వచ్చేది అంతకుముందే వేసిన రెమ్మ ముదిరి, దానికి చలి రాత్రులు తగిలాక. ఖాళీగా పోయిందని నువ్వు బాధపడుతున్న ఈ చలికాలం కూడా అలాంటిదేనని నా నమ్మకం. నీ తర్వాతి కథ నిరుటి నోట్‌బుక్‌లోనే ఎక్కడో ముదురుతోంది.

అందుకే దాన్ని తీసి చదువు. ఏకబిగిన వద్దు, రోజుకు నాలుగు పేజీలు చాలు. బాగుందా లేదా అని చూడకు. ఏది దాటేశావో చూడు. నీ కథల్లో నాన్న పాత్ర ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది, గమనించావా? చెప్పులు విప్పుతాడు, దగ్గుతాడు, అక్కడితో నువ్వు సీన్ మార్చేస్తావు. ఆయన లోపలికొచ్చి కూర్చుంటే ఏం మాట్లాడతాడో నీకు తెలుసనే నాకనిపిస్తుంది. ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకో. నలుగురూ మెచ్చుకోవాలని రాసిన వాక్యాలూ కనబడతాయి. వాటిని కొట్టేయ్. చించేస్తే ఏమీ మిగలదు, కొట్టేస్తే గీత కింద ఆ మాట చదవడానికి ఉంటుంది. రేపు అది నీకు పనికొస్తుంది.

ఉగాది కవిత అడిగారని కూడా రాశావు. రాయి, కానీ కోయిలనీ మావిచిగురునీ అలవాటు కొద్దీ పిలవకు. ఆదిలాబాద్ దారిలో బస్సు కిటికీలోంచి మోదుగలు కనిపిస్తాయన్నావు కదా, ఒకరోజు దిగి చూడు. శివరాత్రి, హోలీ రోజుల్లో ఆకు రాలిన కొమ్మలకే పూస్తాయవి. బస్సులోంచి అందరికీ కనబడేది ఎరుపే. చేతిలోకి తీసుకుంటే పువ్వు అడుగున తొడుగు నల్లగా, ముట్టుకుంటే ముఖమల్ మెత్తన. మొగ్గ మీదున్నప్పుడు ఆ నలుపే ఎక్కువ కనిపిస్తుంది. ఆ నలుపుతో మొదలుపెట్టి చూడు, నీ కవిత ఎటు పోతుందో.

తేదీ టెన్షన్ అసలే వద్దు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19నే. వేపచెట్టుకు పంచాంగంతో పనిలేదు. పండగ ముందొచ్చిన ఏడాది పచ్చడిలోకి పువ్వు కోసం వీధి వీధీ తిరుగుతాం. దొరికిన కాసిన్ని రెబ్బలతోనే పచ్చడి చేసుకుంటాం. పండగకి నీ కథ సగంలో ఉంటే సగంలోనే ఉండనీ. మొదలుపెట్టినవన్నీ పూర్తి కావాలనీ లేదు. మామిడి పూతలో నూటికి ఒకటి కూడా కాయ దాకా నిలవదు.

నాన్న గుమ్మం దాటి లోపలికొచ్చిన పేజీ రాసిన రోజు నాకు పంపు. సాపు చేయొద్దు, కొట్టివేతలతోనే పంపు. ఫోన్‌లో ఫోటో తీసి పంపినా సరే. కాకపోతే పగటి వెలుతురులో తీయి, నాకు చిన్న అక్షరాలు సరిగా ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు