గన్నేరు పెట్టాలనుకుంటే ఇవి తెలుసుకో

బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఇంటి ముందు ప్రహరీ పక్కన జాగా ఊరికే పడి ఉంది, ఏం పెట్టమంటావు పెద్దమ్మా అని అడిగావు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని, ఎండలు ముదిరితే అవి కూడా తగ్గిపోతాయని, మీ ఇద్దరూ పొద్దున పోతే మళ్ళీ దీపాల వేళకే ఇంటికి చేరతారని చెప్పావు. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు పూలు కనిపించాలన్నావు. ఇన్నిటికీ సరిపోయేది గన్నేరే. కానీ ఇంట్లో రెండేళ్ళ బిడ్డ ఉంది. గన్నేరు గురించి సగం చెప్పి వదిలేయడం మంచిది కాదు కాబట్టి ఫోన్‌లో కాకుండా ఇలా రాస్తున్నాను.

నర్సరీకి పోయి ఉత్త గన్నేరు అని అడగొద్దు. పచ్చగన్నేరు ఇస్తారు, దేవగన్నేరు ఇస్తారు, బిళ్ళగన్నేరైనా ఇస్తారు. పచ్చగన్నేరు కాయలో గింజ చాలా ప్రమాదం, పైగా ఆ కాయలు పిల్లలు ఏరుకుని ఆడుకునేలా ఉంటాయి. మీ ఇంట్లో అది అసలు వద్దు. నేను చెప్పేది సన్నగా, పొడుగ్గా, బిరుసుగా ఉన్న ఆకులు ఒక్కో కణుపు దగ్గర మూడేసి వచ్చే గన్నేరు. హైవేల మీద డివైడర్ మధ్యలో, లారీల పొగలో, మే నెల ఎండలో కూడా గులాబీ రంగు గుత్తులతో కనిపిస్తుందే, అదే. ఒంటిరెక్కల గులాబీ రంగుది, లేదా తెల్లది తీసుకో. ముద్ద గన్నేరు చూడటానికి బాగుంటుంది కానీ వానకు తడిసిన పూలు రాలకుండా గోధుమ రంగుకు తిరిగి కొమ్మకే వేలాడుతుంటాయి. ఒంటిరెక్కలది శుభ్రంగా రాలిపోతుంది.

నర్సరీలో కొంటే ఇంకో సంగతి. మన వైపు అమ్మే మొక్కల్లో చాలా వరకు గోదావరి జిల్లాలోని కడియం నర్సరీల నుంచి వస్తాయి. అక్కడి జిగట బంకమట్టి ముద్దలోనే వేళ్ళు ఉంటాయి. మన ఎర్రమట్టిలో ఆ ముద్దను అలాగే పెడితే అది ఎండి రాయిలా గట్టిపడుతుంది. చుట్టూ ఎన్ని నీళ్ళు పోసినా లోపలికి దిగవు. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, పైపైన మట్టిని చేత్తో మెల్లగా విడదియ్యి. వేళ్ళు తెగేలా పీకొద్దు. నన్నడిగితే కొనే పని కూడా లేదు. మా ఇంటి గన్నేరు కొమ్మలే పంపిస్తాను, ఆ విషయం చివర్లో రాస్తాను.

నాటడానికి ఆరుద్ర కార్తె దాటాక, శ్రావణం లోపల మంచి సమయం. అప్పటి చిన్న వానలకు వేళ్ళు పట్టుకుంటే కార్తీకంలో వచ్చే పెద్ద వానలను తట్టుకుంటుంది. గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు చాలు. కొత్త ఇల్లు కదా, ప్రహరీ పక్కన తవ్వితే మట్టి కంటే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలే ఎక్కువ తగులుతాయి. అవి ఏరేయించు. మిగిలే కొద్దిపాటి సున్నానికి గన్నేరు బెదరదు. మీ బోరు నీళ్ళ ఉప్పును కూడా ఓర్చుకుంటుంది. బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేపపిండి రెండు గుప్పిళ్ళు మట్టిలో కలుపు. గోడకు మూడడుగులు, మొక్కకూ మొక్కకూ ఐదారడుగులు వదులు. ఎండ మాత్రం కనీసం ఆరు గంటలు పడాలి. నీడలో పెడితే బతుకుతుంది కానీ పొడుగ్గా సాగి, ఆకులే తప్ప పూలు ఉండవు.

నీళ్ళ గురించి కాస్త శ్రద్ధగా చదువు. ఎక్కువ మంది ఈ చెట్టును చెడగొట్టేది ఇక్కడే. సాయంత్రం పైపు పట్టుకుని రోజూ పైపైన తడుపుతారు. దాంతో వేళ్ళు కిందికి దిగకుండా పైమట్టిలోనే తిరుగుతాయి. ఇక మీరు నాలుగు రోజులు ఊరెళితే చెట్టు వాడిపోతుంది. నాటిన మొదటి నెల రెండు మూడు రోజులకొకసారి పొయ్యి. తర్వాత వానలు లేని వారాల్లో వారానికి ఒక్కసారి, పాదు నిండా రెండు బకెట్లు, మెల్లగా ఇంకేలా పొయ్యి. మొదటి ఎండాకాలం మాత్రం ఈ వారం లెక్క తప్పొద్దు. రెండో ఏడాది నుంచి మే నెలలో కూడా పది పదిహేను రోజులకొక తడి చాలు. వానాకాలంలో చెట్టు జోలికే పోవద్దు. పాదులో శనక్కాయ పొట్టో ఎండుటాకులో నాలుగు వేళ్ళ మందాన పరిస్తే తడి నిలుస్తుంది. మొదలుకు తగలకుండా జానెడు ఎడం ఉంచు, లేకపోతే చెదలు పడతాయి.

కరువుకు ఓర్చే చెట్టే కానీ రోజుల తరబడి నిలిచే నీళ్ళకు ఓర్వదు. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో నీకు తెలుసు. మీ ఇల్లు కాస్త పల్లంలో ఉంది కాబట్టి మొదలు దగ్గర మట్టి ఎత్తుగా పోయించు. వాయుగుండం అనగానే పాదు గట్టును ఒక పక్క తెంచేస్తే నీళ్ళు బయటికి పోతాయి.

కత్తిరించడానికి భయపడొద్దు. గన్నేరు పూలు కొత్త చిగుర్ల కొసలకే వస్తాయి. ముట్టుకోకుండా వదిలేస్తే కింద బోసిపోయి, పూలన్నీ ప్రహరీ దాటి పైన ఎక్కడో పూస్తాయి. సంక్రాంతి అయ్యాక, ఒక్కో కొమ్మలో మూడోవంతు దాకా, మూడాకులు కలిసే కణుపుకు కాస్త పైన కొయ్యి. ఆ కణుపు నుంచి మూడు చిగుర్లు దాకా వస్తాయి, మూడింటికీ పూల గుత్తులు. ఎండలు ముదిరే నాటికి చెట్టు నిండుగా ఉంటుంది. అప్పుడే ఏడాదికి సరిపడా ఒక తట్ట ఎరువు వెయ్యి. యూరియా వద్దు, ఆకు పెరిగి పూలు తగ్గుతాయి.

లేత చిగుర్లకు పసుపు రంగు పేనుబంక పడుతుంది. పైపుతో నీళ్ళు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. పోకపోతే లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లు. ఒక్కోసారి వేలంత లావు పచ్చ పురుగు, తల దగ్గర నీలం కళ్ళలాంటి మచ్చలతో కనిపిస్తుంది. అది మనల్ని ఏమీ చెయ్యదు. కాసిన్ని ఆకులు తిని ఎంతో అందమైన ఆకుపచ్చ రెక్కల చిమ్మటగా మారుతుంది. దాన్ని చంపకుండా వదిలెయ్యమ్మా, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషం. ఎండిన ఆకులో కూడా పోదు. కాబట్టి బిడ్డ ఆడుకునే వెనక పక్క, గడప పక్క వద్దు. గేటు అవతలి మూలన, ప్రహరీ వెంబడే పెట్టించి, బిడ్డ చెయ్యి అందకుండా మెష్ కట్టించు. రాలిన పూలు రోజూ ఊడ్పించు. కొమ్మలు కోసేటప్పుడు గ్లౌజులు వేసుకో, పాలు కంట్లో పడకుండా చూసుకో, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో. కోసిన కొమ్మలు వీధి మూలన పడేస్తే ఆవులు, మేకలు తింటాయి. పచ్చి మీద ముట్టని పశువు కూడా ఎండినవి తినేస్తుంది. మూట కట్టి చెత్త బండికి ఇవ్వు. మంట మాత్రం వెయ్యొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు.

పూజకు వాడొచ్చా అని నీ అత్తగారు అడిగారన్నావు. నిక్షేపంగా వాడొచ్చు. శివుడికి ప్రీతి, వినాయక చవితి 21 పత్రుల్లో కరవీర పత్రం ఇదే. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యే ఆ పొద్దున మా వీధి పిల్లలంతా ఆకుల కోసం మా గేటు ముందుంటారు. నేనే కోసి ఇస్తాను, పిల్లల్ని చెట్టు ముట్టనివ్వను. ఉండ్రాళ్ళ పళ్ళెంలో, తీర్థంలో, ప్రసాదం మీద మాత్రం ఆకూ పువ్వూ పడకూడదు. 2024 మే నెలలో కేరళలో గుళ్ళను చూసుకునే తిరువాన్కూరు, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూలు వాడొద్దని చెప్పాయి. మన ఇంట్లో కూడా అదే పద్ధతి ఉండాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా బిడ్డ నమిలిందని అనుమానం వస్తే, నోట్లో ఉన్నది తీసి నోరు కడిగి, వెంటనే 108కి ఫోన్ చెయ్యి, లేదా రుయా ఆసుపత్రికి తీసుకుపో. వాంతి చేయించొద్దు, ఉప్పు నీళ్ళు, చింతపండు రసం తాగించొద్దు. తిన్న ఆకు ఒకటి వెంట పట్టుకుపో. బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

ఇదంతా చదివి టెన్షన్ అనిపిస్తే బిడ్డకు ఊహ తెలిసేదాకా ఆగు. అంతవరకు అక్కడ డిసెంబరాలు పెట్టుకో, అవీ ఎండను బాగానే ఓర్చుకుంటాయి. నేనేమీ అనుకోను. పెట్టాలనే అనుకుంటే ఆషాఢంలో మీ బాబాయి తిరుపతి వచ్చేటప్పుడు పెన్సిలంత లావు, జానెడు పొడుగు కొమ్మలు తడి గోనెలో చుట్టి ఇస్తాను. కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టి కవర్లలో గుచ్చి నీడన పెట్టు. నెలా నెలన్నరకు వేళ్ళు పడతాయి. నీళ్ళ సీసాలో పెట్టినా వేళ్ళు వస్తాయి కానీ ఆ నీళ్ళు కూడా విషమవుతాయి, కాబట్టి మీ ఇంట్లో సీసా పద్ధతి వద్దు. ఈలోపు గుంత తవ్వించి పెట్టు, మట్టికి కాస్త ఎండ తగలాలి.

మీ పెద్దమ్మ,
చిత్తూరు